ఫిలింనగర్ గృహస్థు

చలనచిత్ర సంస్థలు తమ లాంఛనములకై దేవతా విగ్రహములనో, గోపురములనో, పతాకములనో ఎన్నుకొనుట మనకు తెలిసినదే. అట్టి లోకములో, ఎస్, పి అను రెండు ఆంగ్లాక్షరములపై తన ఇద్దరు కుమారులను, ఇంకను పసితనము వీడని వారిని, నిలువబెట్టి, అదియే తన సంస్థకు ముద్రగా చేసికొని, అర్ధ శతాబ్దముపాటు ఆ ముద్రతోనే తెలుగు ప్రేక్షకుని యెదుటికి వచ్చిన నిర్మాత దగ్గుబాటి రామానాయుడుగారు. పెద్దవాని పేరు సురేష్. సంస్థ పేరును అదియే. రెండవవాడు వెంకటేష్. ఇల్లు వేరు, వ్యాపారము వేరు అని లోకజ్ఞులు చెప్పు హితవు ఆయన చెవిని ఎన్నడైన సోకెనో లేదో గాని, సోకియున్నను దానిని పాటించిన జాడ ఆయన జీవితమందెచ్చటను కానరాదు.

ఆయన కీర్తిశేషులైన నాటి నుండి పత్రికలు ఆయనను 'మూవీ మొఘల్' అనియే తలచుకొనుచున్నవి. ఆ బిరుదము నాకంతగా రుచింపదు. మొఘలులకు కోటలు, సేనలు, కప్పములు కలవు. వారసత్వమునకై అన్నదమ్ముల నడుమ కత్తులును కలవు. నాయుడుగారు జూబిలీహిల్స్ కొండల నడుమ నెలకొల్పినది సామ్రాజ్యమని చెప్పుటకంటె పెద్ద కాపురమని చెప్పుటయే సత్యమునకు దగ్గర. పంటలు పండిన యేడును ఎండిన యేడును కూడ ఇంటికి వచ్చిన వానికి విస్తరి వేయక తప్పని కృష్ణా, గుంటూరు మండలముల రైతు గృహస్థు ఎట్లుండునో, చిత్రనిర్మాణమందు ఆయన అట్లుండెను. ఆ గుణమునందే ఆయన బలమును కలదు, బలహీనతయు కలదు.

ఆయన 1936 జూన్ 6వ తేదీన కారంచేడులో జన్మించిరి. ఆ గ్రామము ఆనాడు గుంటూరు జిల్లాలోనిది, 1970 తరువాత ప్రకాశములోనిది, నేడు బాపట్ల జిల్లాలోనిది. జిల్లాలు మూడు మారినను ఊరు మారలేదు, ఊరిపై ఆయన మమకారమును మారలేదు. చీరాలకు చేరువలోని ఆ నల్లరేగడి నేలలో ధాన్యము, పొగాకు, ప్రత్తి ఎరిగిన కుటుంబమునందు పుట్టిన యువకునికి చలనచిత్రములతో పని యేమి? పని కల్పించినది ఒక యాదృచ్ఛిక సంఘటన. అక్కినేని నాగేశ్వరరావుగారు నాయకులుగా 1960లో విడుదలయిన 'నమ్మిన బంటు' చిత్రమునకై ఆ ప్రాంతమున చిత్రీకరణ జరిగినప్పుడు, ఎడ్లబండ్ల నడుమ, జన సమ్మర్దము నడుమ, వచ్చినవారికి కావలసిన ఏర్పాటులు చూచుచు ఉత్సాహముతో తిరుగాడిన ఈ యువకుని నాగేశ్వరరావుగారు గమనించి, ఇంతటి చురుకుదనము కలవాడు మద్రాసునకు రావలదా యని యనిరని ఉభయ కుటుంబముల వారును చెప్పుచుందురు. ఆ మాటను పెద్దమనిషి మర్యాద మాటగా పుచ్చుకొని ఊరుకొనువారే అధికులు. నాయుడుగారు దానిని ఆహ్వానముగా పుచ్చుకొనిరి.

మద్రాసులో తొలి అడుగు తడబడెను. 1963లో భాగస్వామిగా చేరిన 'అనురాగము' ఆయనకు ధనమును మిగిల్చలేదు, అనుభవమును మాత్రము మిగిల్చెను. మరుసటి సంవత్సరము సురేష్ ప్రొడక్షన్స్ పేర తానే స్వయముగా సాహసించి, అంతకుముందు పలువురు నిర్మాతల గడపలు తొక్కి తిరిగివచ్చినదని చెప్పబడు ఒక కథను డి.వి. నరసరాజుగారి వద్ద గైకొని, తాపీ చాణక్యగారి దర్శకత్వమున, నందమూరి తారక రామారావుగారిచేత తొలిసారిగా ద్విపాత్రాభినయము చేయించి, 1964 మే నెలలో విడుదల చేసిన చిత్రము 'రాముడు-భీముడు'. భయస్థుడొకడు, ధైర్యశాలి యొకడు, ఇరువురును ఒక్క రూపున నుండుటచే కలుగు చిక్కులు, కథ అంతియే. ఆ కథయే మరుసటి యేడు ఎం.జి. రామచంద్రన్‌గారితో తమిళమున 'ఎంగ వీట్టు పిళ్ళై'గను, 1967లో దిలీప్ కుమార్‌గారితో హిందీలో 'రామ్ ఔర్ శ్యామ్'గను అవతరించి, ఆ తరువాత ద్విపాత్రల కథ వ్రాయు ప్రతి రచయితకును తరగని మూలధనమయ్యెను. ఇరువది యేడేండ్ల రైతుబిడ్డ, పట్టణపు పెద్దలు పక్కకు నెట్టిన కథను నమ్మి నిలిచెననుట ఆయన చరిత్రలో అలంకారము కాదు. తదుపరి యేబది సంవత్సరములును ఆయన పనిచేసిన తీరు అదియే.

విజయమునకు వెనువెంటనే విజయములు వచ్చెనని వ్రాయుట సులభము. వాస్తవము అట్లు లేదు. 'ప్రతిజ్ఞాపాలన', 'శ్రీకృష్ణ తులాభారము', 'స్త్రీజన్మ', 'పాపకోసము', ఇట్లు చిత్రములు వరుసగా వచ్చినను, దశాబ్దము ముగియునప్పటికి నష్టముల బరువు పెరిగి, 1970లో వచ్చిన 'ద్రోహి' తరువాత నాయుడుగారు అంచుకు వచ్చి నిలిచిరి. ఈసారి కూడ దెబ్బ తగిలినచో మూటాముల్లె కట్టుకొని కారంచేడునకు మరలి సేద్యము చేసికొందమని నిశ్చయించుకొనియే ఆయన 'ప్రేమ్‌నగర్'కు కొబ్బరికాయ కొట్టిరని పరిశ్రమలో నేటికిని చెప్పుకొందురు. వింత యేమనగా, అట్టి దుఃస్థితిలోనున్న మనుష్యుడు ఖర్చు తగ్గించు చిత్రమును ఎన్నుకొనలేదు. జమీందారు మేడలు, అద్దాల మందిరములు, భారీ సెట్టింగులు కోరు కథను ఎన్నుకొనిరి. కోడూరి కౌసల్యాదేవిగారి నవల, ఆచార్య ఆత్రేయగారి సంభాషణలు, కె.వి. మహదేవన్‌గారి సంగీతము, కె.ఎస్. ప్రకాశరావుగారి దర్శకత్వము, అక్కినేని, వాణిశ్రీల నటన కలిసి 1971 సెప్టెంబరు 24న వెలుగు చూచిన ఆ చిత్రము ఆయన అప్పులను తీర్చుటయే గాక, 'వసంత మాళిగై'గా శివాజీ గణేశన్‌గారితో తమిళ దేశమును, 'ప్రేమ్ నగర్'గా రాజేష్ ఖన్నా, హేమమాలినులతో హిందీ దేశమును చుట్టి వచ్చెను. ఈ మూడింటికిని దర్శకులు ప్రకాశరావుగారే. తెలుగు చిత్రమున ఒక బాలుడు చిన్న వేషము వేసెను. లాంఛనముపై నిలిచిన రెండవ పసివాడే ఆ బాలుడు.

ఈ సందర్భమున నేనొక విషయమును కొంత విస్తరించి చెప్పవలసియున్నది. 1960, 70 దశకములలో తెలుగు వారపత్రికలు గృహిణుల మధ్యాహ్నపు వేళలను ఆక్రమించుకొన్న తీరు ఈ తరమునకు ఊహింప శక్యము కాదు; వంట ముగిసి, మగవారు పనులకు వెడలి, వీధి తలుపు ఓరగా వేసిన పిమ్మట ఆ యింట రాజ్యమేలునది ధారావాహిక నవల. విమర్శకులు ఆ నవలలను చులకన చేసిరి. నాయుడుగారు వానిని చదివించుకొనిరి. కౌసల్యాదేవిగారి 'ప్రేమ్‌నగర్' తరువాత యద్దనపూడి సులోచనారాణిగారి 'జీవన తరంగాలు' 1973లోను, 'సెక్రటరీ' 1976లోను ఆయన పతాకమున తెరకెక్కెను. స్త్రీలు వ్రాసి, స్త్రీలు చదివిన కథలకు తెలుగుతెరపై అంత విలువ కట్టిన నిర్మాత ఆ కాలమున మరియొకరు కలరని చెప్పుట కష్టము. ఆయన స్త్రీ హక్కుల వాది యని నేను చెప్పబోను. ఆ చిత్రములలో కంటతడి పెట్టని కథానాయిక లేదు, పెట్టించని అత్తవారును అరుదు. అయినను టిక్కెట్టు కొనునది ఎవరు, వారికి తోడు వచ్చునది ఎవరు, ఇంటికి పోయి పొరుగువారికి చెప్పునది ఎవరు అను మూడు ప్రశ్నలకు ఆయన వద్ద ఒకే సమాధానముండెను, ఆ సమాధానము సరియైనదయ్యెను. 1982లో 'దేవత', దానికి హిందీ రూపమై 1984లో వచ్చిన 'తోఫా', ఈ లెక్కలోనివే.

ఇక జూబిలీహిల్స్ మాట. సహకార గృహనిర్మాణ సంఘము ఏర్పడునాటికి అది గుండ్రాళ్ళు దొర్లిన అడవి; పగటిపూట వచ్చుటకును జంకెడివారు. సారథీ స్టూడియో అమీర్‌పేటలో అంతకుముందే వెలసినను, నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను 1976లో ఆ బండల నడుమ ఆరంభించినను, మద్రాసు కోడంబాకము వదలి వచ్చుటకు పరిశ్రమ చాలకాలము తటపటాయించెను. పిల్లల చదువులు అక్కడ, ప్రయోగశాలలు అక్కడ, సంగీత బృందములు అక్కడ. చిత్రీకరణకు హైదరాబాదు, మిగిలిన సమస్తమునకు మద్రాసు. ఈ రాకపోకలలో నిర్మాత ధనము రైలుబండ్ల పాలగుచుండెను. నాయుడుగారు 1989లో ఫిలింనగర్ కొండపై రామానాయుడు స్టూడియోస్‌ను నెలకొల్పిన ఉద్దేశము, కథ చేతబట్టుకొని గేటులో ప్రవేశించినవాడు ఫస్ట్ కాపీతో వెలుపలికి పోవలెనని. ఒక ఇంటి ఆవరణలోనే బావి, గాదె, పశువుల పాక, వంటశాల ఉండవలెనని కోరుకొను రైతు ఆలోచనయే ఇచట ఫ్లోర్లుగను, డబ్బింగు థియేటర్లుగను, ఎడిటింగు గదులుగను రూపము ధరించినది. అటుపిమ్మట నానక్‌రామ్‌గూడలోను, విశాఖ సముద్రతీరపు కొండపైనను ఆయన స్టూడియోలు వెలసినవి.

స్టూడియోకు దిగువన, కొండ వాలున, ఫిలింనగర్ అను ఊరు పెరిగెను. ఫిలిం ఛాంబరు, కల్చరల్ సెంటరు, దైవసన్నిధానము, నటుల మేడలు ఒకవైపు. ఆ మేడలకు పాలు, పూలు, పనిమనుష్యులు, డ్రైవర్లు వచ్చు బస్తీలు వేరొకవైపు. మరికొంత దూరమున కృష్ణానగర్‌లో, ఉదయము ఐదు గంటలకు ఏజెంటు పిలుపుకొరకు వీధి మలుపున నిలుచుండు జూనియర్ ఆర్టిస్టులు. ఈ మూడు లోకములకును తెలిసిన ముఖము నాయుడుగారిది. పెద్దల తగవులు వచ్చినను, కార్మిక సంఘముల బత్తాల తగవులు వచ్చినను, కబురు కొండమీదికి పోయెడిది. దాసరి నారాయణరావుగారి ఇల్లు అట్టి మరియొక చావడి. దాసరివారు వాదించి గెలిపించెడివారు. నాయుడుగారు ఉభయుల మాటయు విని, ఎవరి జేబునుండి ఎంత తీయవలెనో లెక్క కట్టి పంపెడివారని పరిశ్రమలో ప్రతీతి. నేడు ఛాంబరు నడచు భవన సముదాయము ఆయన పేరనే కలదు.

ఆయన నిర్మాణములోని గృహధర్మమును గూర్చి సాంకేతికులు చెప్పు మాటలలో ప్రశంస కొంత అధికముగనే ఉండును. పోయినవారిని పొగడుట మన ఆచారము. కాని ప్రశంసను ప్రక్కన పెట్టినను చిత్రముల జాబితా మిగులును. బి. గోపాల్‌గారు 1986లో 'ప్రతిధ్వని'తో, జయంత్ సి. పరాన్జీగారు 1997లో 'ప్రేమించుకుందాం రా'తో, తిరుపతి స్వామిగారు 1998లో 'గణేష్'తో, వై. కాశీ విశ్వనాథ్‌గారు 2002లో 'నువ్వు లేక నేను లేను'తో దర్శకులైరి. నలుగురకును తొలి అవకాశము ఈ గడపలోనిదే. ఖుష్బూ, దివ్యభారతి, కత్రినా కైఫ్ తెలుగువారికి పరిచయమైనదియు ఈ పతాకము క్రిందనే. టబు కథానాయికగా తెలుగుతెరపై నిలిచినదియు ఇచటనే. జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట' 1987లో వచ్చెను. తాడున వ్రేలాడదీసిన కోడిని చూచుచు ఉత్త అన్నము తిను పిసినారిగా కోట శ్రీనివాసరావుగారిని, ఆ పిసినారి చెంత నలిగిపోవు అరగుండుగా బ్రహ్మానందముగారిని తెలుగువాడు మరవలేడు. విస్తరి వేయుటలో చేయి వెనుకకు తీయని మనుష్యుడు పిసినారితనముపై అంతటి చిత్రము తీయించుట నాకెప్పుడును ముచ్చటగా తోచును.

ఇచట ఒక ఆక్షేపమునకు చోటీయక తప్పదు. గృహమని చెప్పినంతనే గోడయు వచ్చును. అమెరికాలో చదువుచున్న వెంకటేష్‌ను రప్పించి 1986 ఆగస్టు 14న 'కలియుగ పాండవులు'తో కథానాయకునిగా నిలిపిన తండ్రి ప్రేమ, ఆ తరువాతి తరములలో పరిశ్రమ యంతటికిని ఆచారమై, కొడుకులు, మనుమలు, మేనల్లుళ్ళు వరుసగా తెరకెక్కగా, ఇంటిపేరు లేని యువకునికి గేటు వెలుపల నిరీక్షణ దీర్ఘమయ్యెను. ఈ దోషమును నాయుడుగారొక్కరిపై మోపుట అన్యాయము. ఆయనను పూర్తిగా విడిచిపెట్టుటయు ముఖప్రీతి. దర్శకుల విషయమున అంతగా తెరచిన తలుపు కథానాయకుల విషయమున అంతగా తెరువబడలేదనుట చరిత్ర.

రాజకీయములను గూర్చి చెప్పవలసినది స్వల్పము. 1999లో తెలుగుదేశము పక్షమున బాపట్లనుండి లోకసభకు ఎన్నికైరి. 2004లో అదే స్థానమున కాంగ్రెసు అభ్యర్థిని దగ్గుబాటి పురందేశ్వరిగారి చేతిలో ఓడిరి. గెలిచినవారిదియు ఓడినవారిదియు ఒకే యింటిపేరు, ఒకే యూరు. ఆయన మరల ఆ వంక చూడలేదు.

సేవను గూర్చి మాత్రము ఒక్క ఉదాహరణము చాలును. 1991లో తన పేర ధర్మసంస్థను నెలకొల్పిన ఆయన, మెదక్ జిల్లా కౌడిపల్లి మండలములోని తునికిలో, విజ్ఞానజ్యోతి సంస్థతో కలసి, గ్రామీణ యువకులకు సేద్యము నేర్పు విద్యాలయమునకు అండగా నిలిచిరి. నేడచ్చట ఆయన పేరనే కృషి విజ్ఞాన కేంద్రము నడచుచున్నది. చిత్రసీమలో గడించినవారు తమ పేర కళ్యాణ మండపములు, ఆస్పత్రులు కట్టించుట చూచియుంటిమి. విత్తనము, భూసారము, పాడి నేర్పు బడికి పేరిచ్చిన నిర్మాత తలచుకొనినంత మాత్రమున దొరకడు. కారంచేడు ఆయనను విడువలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఆయన లాభనష్టముల పట్టికలో ఒక విచిత్రమైన పద్దు కలదు. భారతదేశమునందలి ప్రధాన భాషలన్నింటను ఒక్కొక్క చిత్రమైనను తీయవలెనని ఆయనకు వాంఛ. హిందీ, తమిళము, కన్నడము మొదలుకొని బెంగాలీ, ఒడియా, మరాఠీ, భోజ్‌పురీ, చివరకు 2013లో పంజాబీ వరకు ఆ వాంఛ సాగెను. వానిలో పెక్కింటికి రాబడి అంతంతమాత్రమే. కాని ఋతుపర్ణ ఘోష్‌గారి దర్శకత్వమున ఆయన నిర్మించిన బెంగాలీ చిత్రము 'అసుఖ్' 1999 సంవత్సరపు జాతీయ పురస్కారములలో ఉత్తమ బెంగాలీ చిత్రముగా ఎంపికయ్యెను. అదే పురస్కారముల పట్టికలో ఉత్తమ తెలుగు చిత్రము సురేష్ ప్రొడక్షన్స్ వారి 'కలిసుందాం రా'. ఒకటి, తండ్రిని అనుమానించు కుమార్తె కథ. రెండవది, విడిపోయిన ఉమ్మడి కుటుంబము తిరిగి ఒక్కటియగు కథ. ఒకే ఇంటినుండి ఒకే యేడు రెండు భాషలలో రెండు కుటుంబ కథలకు దేశపు గౌరవము లభించినది. 2008లో అత్యధిక చిత్రములు నిర్మించిన వ్యక్తిగా గిన్నిస్ గ్రంథమెక్కుట, 2009 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము, 2013లో పద్మభూషణము, ఇవన్నియు ఆ పిమ్మటి మాటలు. ఆయన నిర్మించిన చిత్రముల సంఖ్య సుమారు 150. అందులో నిలుచునవి ఇరువదియో ముప్పదియో. ఏ నిర్మాతకైనను అది తక్కువ పంట కాదు.

కారంచేడు పొలములలో యువకుని చురుకుదనము చూచి మద్రాసునకు రమ్మనిన నాగేశ్వరరావుగారు కాలక్రమమున ఆయనకు వియ్యంకులైరి. నాగార్జునగారికి నాయుడుగారి కుమార్తెనిచ్చిన ఆ వివాహబంధము తరువాత నిలువకపోయినను, నాగచైతన్య ఇరువురు పెద్దలకును మనుమడుగనే పెరిగెను. తన మూడు తరములవారు కలసి నటించిన 'మనము' విడుదలకు ముందే, 2014 జనవరి 22న, నాగేశ్వరరావుగారు కన్నుమూసిరి. అదే యేడు సురేష్ ప్రొడక్షన్స్‌కు యేబది యేండ్లు నిండెను. పదమూడు నెలలు తిరుగకమునుపే, చిరకాలము కాన్సరుతో పోరాడి, 2015 ఫిబ్రవరి 18న హైదరాబాదులో నాయుడుగారును తరలిపోయిరి. మరునాడు ఆయన పార్థివ దేహమును ఫిలింనగర్ స్టూడియోలోనే ఉంచిరి. నటులు, మంత్రులు వచ్చిరి, లైట్‌మెన్లు వచ్చిరి, బస్తీలవారును వచ్చిరి. అంత్యక్రియలును ఆ యావరణలోనే జరిగెను. ఎన్నో చిత్రములకు గుమ్మడికాయ కొట్టిన చోటది.

ఆయనకు తీరని కోరిక యొకటి మిగిలెను. వెంకటేష్, రానా, నాగచైతన్య, అనగా కొడుకును ఇద్దరు మనుమలను ఒక్క చిత్రమున నిలుపవలెనని చాలకాలము కథలు వినుచుండిరి. తగిన కథ దొరకలేదు. 2019 డిసెంబరు 13న వచ్చిన 'వెంకీ మామ'లో వెంకటేష్, చైతన్య మామా మేనల్లుళ్ళుగనే కనిపించిరి. 2023లో వెంకటేష్, రానా తండ్రీకొడుకులుగా ఒక ఓటీటీ ధారావాహిక వచ్చెను; దానిలోని భాష విని ముక్కున వ్రేలిడుకొనిన కుటుంబములు పెక్కు, నాయుడుగారు ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టుకొని చూచియుందురని నేననుకొనను. ముగ్గురును కలసిన చిత్రము మాత్రము ఇంతవరకును రాలేదు.